రెండు వాకీటాకీల మధ్య దుబాసీ

గత నెల ఈ శీర్షికలో "పొంతన కుదరని వైర్‌లెస్ సెట్లను కూడా ఇంటర్నెట్ పద్ధతిలో కలపొచ్చు" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. ఉత్తరాలు మాత్రం ఊరుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు సెట్లు విప్పుతూ, సోల్డరింగ్ పొగ పీలుస్తూ, కంట్రోల్ రూముల్లో రాత్రి డ్యూటీలు చేసినవాణ్ణి. ఈ సంగతి ఎత్తితే నా నోరు ఆగదని మా ఇంట్లో అందరికీ తెలుసు, ఇప్పుడు మీకూ తెలుస్తుంది. వచ్చినవాటిలో ఆరు ప్రశ్నలు తీసుకుంటున్నాను.

ప్రశ్న: మాస్టారూ, మేం వరద సహాయక బృందంలో వాలంటీర్లం. మా చేతుల్లో వీహెచ్‌ఎఫ్ వాకీటాకీలు. పోలీసుల దగ్గర డిజిటల్ సెట్లు. అంబులెన్సు వాళ్ళకు సెల్‌ఫోనే గతి. ఒకే గట్టు మీద పక్కపక్కన నిలబడి, ఒకరి మాట ఒకరి సెట్లో రాక చేతులు ఊపుకుంటున్నాం. అందరం ఒకే చానల్ పెట్టుకుంటే పోదా?

జవాబు: తేడా చానల్ ఒక్కటే అయితే పోయేదే బాబూ. మీ సెట్టుకూ పోలీసు సెట్టుకూ మధ్య ఒకదాని మీద ఒకటి నాలుగు గోడలున్నాయి. మొదటిది ఫ్రీక్వెన్సీ. మీది 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. వాళ్ళది 400 పైనో, 800 దగ్గరో ఉండొచ్చు. యాంటెన్నా పొడవు దగ్గర్నుంచీ వేరు. రెండోది, మాటను గాలిలోకి ఎక్కించే తీరు. మీది పాతకాలపు ఎఫ్‌ఎం. వాళ్ళది టెట్రా అనే డిజిటల్ రకం అయితే 25 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక్క చానల్‌నే కాలంలో నాలుగు వంతులు చేసి నాలుగు సంభాషణలకు పంచుతుంది. డీఎంఆర్ అనే ఇంకో డిజిటల్ రకం అయితే 12.5 కిలోహెర్ట్జ్‌ను రెండు వంతులు చేస్తుంది. మూడో గోడ వోకోడర్, అంటే గొంతును నలగ్గొట్టి అతి తక్కువ అంకెల్లోకి కుదించే యంత్రాంగం. టెట్రాది ఒక రకం, పీ25 అనే మరో డిజిటల్ పద్ధతిది ఇంకో రకం. ఒకదాని అంకెలు రెండోదానికి ఉత్త గరగర. నాలుగోది తాళం, అదే ఎన్‌క్రిప్షన్. తాళంచెవి లేనివాడికి మిగిలిన మూడూ కలిసినా లాభం లేదు.

గేట్‌వే అనే పెట్టె ఈ నాలుగింటిలో ఒక్కదానితోనూ తలపడదు. దాని తెలివంతా అక్కడే ఉంది. మీ రకం సెట్టు ఒకటి, పోలీసుల రకం సెట్టు ఒకటి తెచ్చి బల్ల మీద పెడతాం. ఏ దారిన వచ్చినా, ఎన్ని తాళాలు దాటి వచ్చినా, చివరికి స్పీకర్ దగ్గరికి చేరేసరికి అది మనిషి గొంతే. ఆ గొంతును అక్కడ పట్టుకుని పక్క సెట్టు మైకులో పోయడమే పని. ఇద్దరు దొరల మధ్య దుబాసీ నిలబడ్డట్టు. ఇద్దరి భాషలూ మార్చడు, ఒకడి నోట విన్నది రెండోవాడి చెవిలో వేస్తాడు.

సెట్టు వెనక చిన్న సాకెట్ ఉంటుంది చూడండి, చాలామంది దాని రబ్బరు మూత జన్మలో తీయరు. నాకు కావలసిన ఐదు తీగలూ అందులోనే దొరుకుతాయి: వచ్చే గొంతు, పోయే గొంతు, స్విచ్ నొక్కే తీగ, "ఎవరో మాట్లాడుతున్నారు" అని చెప్పే తీగ, ఎర్త్. ఆ నాలుగో తీగను చులకనగా చూడకండి, దాని కథ కింద చెబుతాను.

ఇక ఇంటర్నెట్ పద్ధతి ఎక్కడొచ్చిందంటే, ఆ రెండు సెట్లూ ఒకే బల్ల మీద ఉండనక్కర్లేకపోవడంలో. గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, 20 మిల్లీసెకన్లకు ఒక ముక్క చొప్పున కోస్తాం. ఒక్కో ముక్క 160 బైట్లు, సెకనుకు 50 ముక్కలు. ప్రతి ముక్కకూ చిరునామా, వరస సంఖ్య, సమయం రాసిన కవరు తొడిగి నెట్‌వర్క్‌లోకి వదులుతాం. "ఇతను స్విచ్ నొక్కాడు", "ఇప్పుడు వదిలాడు" అనే కబురు కూడా వాటితోనే పోతుంది. అవతలి గేట్‌వే కవర్లు చింపి, ముక్కల్ని వరసలో పేర్చి, తన పక్కనున్న సెట్టు స్విచ్ తానే నొక్కి వినిపిస్తుంది. అంబులెన్సు డ్రైవరు సెల్‌ఫోన్లో ఒక యాప్ పెడితే అదీ ఇలాంటి ముక్కల్నే పంపుతుంది. కవరు మీద రాత ఒకటే కాబట్టి లోపల ఎవరి గొంతుందో దారికి అనవసరం.

రెండు ఇబ్బందులు ముందే చెబుతాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. ఒక వోకోడర్ నలిపిన గొంతును విప్పి ఇంకో వోకోడర్‌తో మళ్ళీ నలిపితే, సైరన్ మోగుతుంటే అరిచిన మాట ముద్దముద్దగా వస్తుంది. పేర్లు, అంకెలు విడివిడిగా రెండుసార్లు చెప్పడం అలవాటు చేసుకోండి. ఇక తాళం సంగతి. గేట్‌వే ఉన్న బల్ల దగ్గర పోలీసుల మాట తాళం తీసేసి ఉంటుంది. "మా చానల్ మీకు కలపం" అని ఆ అధికారి మొండికేస్తే ఆయన పని ఆయన చేస్తున్నట్టు. అందరికీ పనికొచ్చే ఒక్క సహాయక చానల్ మాత్రం కలపమని అడగండి, ఒప్పుకుంటారు.

ప్రశ్న: తుపాను వస్తే ముందు పోయేదే నెట్. దాని మీద ఆధారపడి వైర్‌లెస్ నడపడం కొరివితో తల గోక్కోవడం కాదా?

జవాబు: ఇంటర్నెట్ పద్ధతి వేరు, ఊరందరూ వాడే ఇంటర్నెట్ వేరు. నేను రాసిన కవర్లు మీ సొంత కేబుల్ మీద, రెండు టవర్ల మధ్య మైక్రోవేవ్ లింకు మీద, ఉపగ్రహం మీద, చివరికి ఒక జీపులో పెట్టిన చిన్న స్విచ్ పెట్టె మీద కూడా పోతాయి. గొంతుకు కవరుతో కలిపి సెకనుకు 80 కిలోబిట్లు చాలు. ఒక్క షరతు: లింకు తెగిన రోజున ఎవరి సెట్లు వాళ్ళలో వాళ్ళు మామూలుగా పనిచేసుకోవాలి. గేట్‌వే చస్తే సెట్లు కూడా చచ్చే ఏర్పాటు ఎవరైనా అమ్మజూపితే గుమ్మంలోంచే పంపించేయండి.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. ఈ గేట్‌వే ఆలోచన మొదట ఎవరికి వచ్చింది? ప్రాజెక్టు రిపోర్టులో రాయాలి.

జవాబు: రిపోర్టు కోసమైనా అడిగారు, సంతోషం. తమాషా ఏమిటంటే, పొంతన కుదరని వ్యవస్థల్ని కలపడానికి ఇంటర్నెట్‌ను తర్వాత వాడుకున్నాం అనుకుంటారు అందరూ. అసలు ఇంటర్నెట్ పుట్టిందే ఆ పని కోసం.

1970ల మొదట్లో అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థకు మూడు రకాల నెట్‌వర్కులు ఉండేవి, లేదా తయారవుతుండేవి. తీగల మీద నడిచే ఆర్పానెట్, గాలిలో రేడియో మీద నడిచే ప్యాకెట్ రేడియో, ఉపగ్రహం మీద నడిచే శాట్‌నెట్. ఒకదాని ప్యాకెట్ (నేను పైన కవరు అన్నానే, అదే) కొలత ఒకదానికి సరిపడదు, వేగాలు వేరు, తప్పులొచ్చే తీరు వేరు. బాబ్ కాన్, వింట్ సెర్ఫ్ అనే ఇద్దరు కూర్చుని, ఏ నెట్‌వర్క్ లోపలా వేలు పెట్టకుండా సరిహద్దుల్లో గేట్‌వేలు పెడదామన్నారు. 1974 మేలో వాళ్ళ పత్రం అచ్చయింది. నేను పైన చెప్పిన "గోడలతో తలపడకు, కవరు మార్చు" అన్న ఉపాయం వాళ్ళదే.

1977 నవంబర్ 22న ఒక వ్యాను శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు రోడ్ల మీద తిరుగుతూ రేడియోలో ప్యాకెట్లు పంపింది. ఎస్ఆర్ఐ అనే పరిశోధన సంస్థ వ్యాను అది, బయటికి చూస్తే మామూలు సరుకు బండిలా ఉంటుంది. ఆ ప్యాకెట్లు ఆర్పానెట్ పట్టుకుని అమెరికా దాటి, ఉపగ్రహం మీదుగా నార్వే, లండన్ చుట్టి, మళ్ళీ వెనక్కి వచ్చి లాస్ ఏంజలెస్ దగ్గరి కంప్యూటర్‌కు చేరాయి. నేరుగా పోతే సుమారు 400 మైళ్ళ దూరం. మూడు పొంతన లేని నెట్‌వర్కులూ కలిసి ఒక్కటిగా నడవడం ఆ రోజే. 1983 జనవరి 1న ఆర్పానెట్ మొత్తం ఈ పద్ధతికి మారింది.

కానీ మీ రిపోర్టులో ఈ ఇద్దరి పేర్లే రాసి ముగిస్తే నేను మార్కులు కోస్తాను. డానీ కోహెన్ పేరు రాయండి. ఆయన తపనంతా నెట్‌వర్క్ మీద గొంతు పంపాలని. 1974లోనే ఆర్పానెట్ మీద మాట పంపిన బృందంలో ఆయన ముఖ్యుడు. కాన్, సెర్ఫ్‌ల పద్ధతి పేరు టీసీపీ. దాని మొదటి రూపంలో ప్రతి ప్యాకెట్టూ తప్పక చేరాలి, ఒకటి దారిలో పోతే అది మళ్ళీ వచ్చేదాకా వెనకవన్నీ ఆగాలి. ఉత్తరాలకు, ఫైళ్ళకు అది బాగానే ఉంటుంది. గొంతుకు కుదరదు. ఆలస్యంగా వచ్చిన గొంతు ముక్క పెళ్ళయిపోయాక అందిన శుభలేఖ లాంటిది, దాని కోసం పందిట్లో ఎవరూ కూర్చోరు. పోతే పోయింది, తర్వాతి ముక్క వినిపించు అనాలి. కోహెన్ పట్టుబట్టగా, 1978లో ఆ ఒక్క పద్ధతినీ రెండుగా విడదీశారు. చిరునామా చూసి పంపే పని ఐపీకి, లెక్క తప్పకుండా చేర్చే పని టీసీపీకి. లెక్క అక్కర్లేనివాళ్ళ కోసం యూడీపీ వచ్చింది. ఈ రోజు నా గేట్‌వేలో సెకనుకు 50 కవర్లు పోయేది ఆ యూడీపీ మీదే. సెర్ఫ్ పేరు తెలిసినవాళ్ళలో నూటికి ఒక్కరికైనా కోహెన్ పేరు తెలియకపోవడం నాకు ఇప్పటికీ కడుపుమంటే.

తర్వాతి వాళ్ళు పెద్ద సంస్థల మనుషులు కారు, హామ్‌లు, అంటే లైసెన్సు తీసుకుని సరదా కోసం రేడియో నడిపేవాళ్ళు. కెనడాలోని వాంకూవర్‌లో డేవిడ్ కామెరన్ అనే హామ్ 1997 నవంబర్‌లో రిపీటర్లను, అంటే సెట్టు మాటను అందుకుని గట్టిగా మళ్ళీ గాలిలోకి పంపే పెట్టెల్ని, ఇంటర్నెట్ మీద కలపడం మొదలుపెట్టాడు. మొదట విండోస్ మీద నెట్ ఫోన్ సాఫ్ట్‌వేర్ వాడితే అది మాటిమాటికీ పడిపోయేది. విసుగెత్తి లైనక్స్‌కు మారాడు. ఐఆర్‌ఎల్‌పీ అనే ఆయన లింకు వ్యవస్థ అలా నిలబడింది. వాకీటాకీ మీద నాలుగు అంకెలు నొక్కితే సముద్రం అవతలి రిపీటర్ పలుకుతుంది. కంప్యూటర్ ముందు కూర్చుని మాట్లాడతానంటే ఒప్పుకోదు, చేతిలో రేడియో ఉండాల్సిందే. 2002లో జొనాథన్ టేలర్ ఎకోలింక్ తెచ్చి, లైసెన్సున్న హామ్ కంప్యూటర్ నుంచి కూడా కలవొచ్చన్నాడు. ఈ రెండు పక్షాల మధ్య "అది రేడియోనేనా?" అని జరిగిన వాదులాట మీరు వినాలి. నేను కామెరన్ పక్షం. కారణం అడక్కండి, అభిమానం అంతే.

అందరికన్నా నాకు నచ్చిన మనిషి జిమ్ డిక్సన్. కాలిఫోర్నియా హామ్, రిపీటర్ల పిచ్చోడు. టెలిఫోన్ లైన్లను మామూలు కంప్యూటర్‌కు కలిపే కార్డులు అప్పట్లో మండిపోయే ధరల్లో ఉండేవి. వాటి సొంత చిప్పుల పనంతా ప్రాసెసర్ చేత చేయిస్తే చాలునని తేల్చి, తానే ఒక కార్డు గీసి, టోర్మెంటా అని పేరు పెట్టి, దాని నక్షా అంతా ఉచితంగా నెట్‌లో పెట్టేశాడు. మార్క్ స్పెన్సర్ అనే కుర్రాడు అప్పటికే ఆస్టెరిస్క్ అనే టెలిఫోన్ ఎక్స్‌చేంజి సాఫ్ట్‌వేర్ రాస్తున్నాడు. అది చూసి, ఆ కార్డుకు లైనక్స్ డ్రైవర్ రాశాడు. ఇద్దరి పనీ కలిసి, ఆఫీసు ఎక్స్‌చేంజిలు మామూలు కంప్యూటర్ల మీద నడిచే కాలం వచ్చింది. డిక్సన్ అక్కడితో ఆగక ఆ ఆస్టెరిస్క్‌లోనే రిపీటర్‌ను నడిపే భాగం ఒకటి రాశాడు. ఆల్‌స్టార్ అని హామ్‌లు వాడే లింకులన్నీ దాని మీదే. ఎక్స్‌చేంజి దృష్టిలో రిపీటర్ కూడా ఒక ఫోనే. 2016లో ఆయన పోయాడు.

ప్రశ్న: న్యూయార్క్‌లో 2001 సెప్టెంబర్ 11న 343 మంది ఫైర్ సిబ్బంది చనిపోయింది వాళ్ళ రేడియోలకూ పోలీసు రేడియోలకూ పొత్తు కుదరకేనట. నిజమేనా? ఇలాంటి గేట్‌వే ఉంటే బతికేవారా?

జవాబు: అమ్మా, ఈ ప్రశ్నకు అవునని ఒక్క మాటలో చెప్పి పెట్టెలు అమ్ముకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. విచారణ కమిషన్ నివేదిక చదివితే సంగతి అంత సులువుగా లేదు.

పొత్తు లేని మాట నిజం. వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట టవర్లలో దక్షిణ టవర్ పొద్దున్న 9:59కి కూలింది. 10:04కి పైన తిరుగుతున్న పోలీసు హెలికాప్టర్ ఉత్తర టవర్ పై పదిహేను అంతస్తులు ఎర్రగా మండుతున్నాయంది. 10:08కి ఒక పైలట్ అది ఎక్కువసేపు నిలవదన్నాడు. 10:28కి కూలింది. ఆ హెచ్చరిక పోలీసు చానల్‌లో వినిపించింది, ఫైర్ అధికారుల చెవిన పడే దారి లేదు. ఆ హెలికాప్టర్లలో ఫైర్ వాళ్ళ మనిషి కూడా లేడు.

కానీ ఇంకోటి చూడండి. 1993లో అక్కడ బాంబు పేలాక, ఎత్తయిన టవర్లలో ఫైర్ సెట్లు పలకాలని ఒక రిపీటర్ పెట్టారు. ఆ రోజు అది పనిచేస్తూనే ఉంది. దానికి రెండు బటన్లు. రిపీటర్‌ను లేపే బటన్ నొక్కారు, లాబీలోని మాస్టర్ హ్యాండ్‌సెట్‌ను లేపే రెండో బటన్ నొక్కలేదు. హ్యాండ్‌సెట్ ఎత్తి మాట్లాడిన అధికారికి జవాబు రాలేదు. రిపీటర్ పాడైందనుకుని ఉత్తర టవర్‌లో దాన్ని వదిలేశారు. అంటే ఒకే శాఖ, ఒకే రకం సెట్లు, మధ్యలో ఏ పొంతన గొడవా లేదు, అయినా తెగింది. డ్యూటీలో లేకున్నా పరిగెత్తుకొచ్చిన చాలామంది చేతుల్లో సెట్లే లేవు. ఖాళీ చేయమన్న పిలుపు విని కూడా తోటివాళ్ళ కోసం ఆగినవాళ్ళున్నారు.

కాబట్టి గేట్‌వే ఉంటే ఆ హెలికాప్టర్ మాట కింద వినపడి ఉండేది, అంతవరకే నేను చెప్పగలను. ఎంతమంది బతికేవారో చెప్పడం నాకు చేతకాదు, ఎవరైనా చెబితే నమ్మను.

ప్రశ్న: మేం నలుగురు హామ్‌లం. రెండు రిపీటర్లను నెట్ మీద కలిపాం. ఒకసారి ఎవరైనా మాట్లాడి ఆపితే చాలు, అది ఒకసారి, ఇది ఒకసారి టక్‌మని పడుతూ లేస్తూ ఆగకుండా కొట్టుకుంటున్నాయి. ఎక్కడ తప్పు?

జవాబు: నవ్వొచ్చింది, నాకు జరిగినట్టే జరిగింది కాబట్టి. ఒక పెద్ద మాక్ డ్రిల్. రెండు శాఖల సెట్లు కలిపే పని నాది. ముందు రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని లెవెల్స్ సరిచేసి, అన్నీ బాగున్నాయని పడుకున్నాను. పొద్దున్న వేదిక మీద పెద్దాయన మైకు పట్టుకుని "హలో, టెస్టింగ్" అని స్విచ్ వదిలాడు. అంతే. అటు రిపీటర్ తోక, అంటే మాట ఆగాక కూడా అది కాసేపు గాలిలో నిలిచి ఉండటం, ఇటు స్విచ్ నొక్కింది, ఇటు తోక అటు నొక్కింది. వంద సెట్లలో ఒకేసారి టక్ ఖుస్, టక్ ఖుస్. ఎవరూ మాట్లాడే సందు లేదు. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. నేను చేసిన తెలివైన పని ఒక్కటే, పరిగెత్తుకెళ్ళి నెట్ కేబుల్ పీకేయడం.

పైన చెప్పిన నాలుగో తీగ కథ ఇదే. "ఎవరో మాట్లాడుతున్నారు" అన్న తీగ దొరక్క, బద్ధకించి, శబ్దం వస్తే స్విచ్ నొక్కే పద్ధతి పెట్టాను. శబ్దం మనిషిదా, స్క్వెల్చ్ (మాట లేనప్పుడు గరగర వినపడకుండా స్పీకర్‌ను మూసే ఏర్పాటు) మూసుకునేటప్పటి ఖుస్ శబ్దమా అన్న తేడా దానికేం తెలుసు? మీరూ అదే చేసి ఉంటారు. తీగ వెతికి కలపండి. దానితో పాటు సబ్‌టోన్ పెట్టండి, అంటే మనిషి సెట్టు నుంచి వచ్చిన మాటలోనే ఉండే, చెవికి పట్టని సన్నని గుర్తు. రిపీటర్ తన తోకలో ఆ గుర్తు వదలకుండా చూడండి. గుర్తు లేని శబ్దాన్ని గేట్‌వే అవతలికి పంపదు. అప్పటికీ ఆగకపోతే, ఒకవైపు మాట ముగిశాక అర సెకను పాటు ఆ వైపు చెవి మూసి ఉంచే ఏర్పాటు చేయండి. ఇంకో మాట, మూడో రిపీటర్‌ను ఈ రెండింటికీ విడివిడిగా కలపకండి. గుండ్రంగా తిరిగే దారి పడిందంటే మీ మాట మీకే తిరిగొస్తుంది, దాని వెనకే మళ్ళీ వస్తుంది. కేబుల్ మాత్రం చేతికి అందేచోట ఉంచుకోండి.

ప్రశ్న: లింకు పెట్టాక "రావద్దు" అంటే అవతల "వద్దు" అనే వినపడుతోంది. ఒకసారి "ఆపవద్దు" అన్నది "పవద్దు" అయి, మనిషి పని ఆపేశాడు!

జవాబు: మీ సెట్టు స్విచ్ నొక్కగానే మీ రిపీటర్ లేవాలి, గేట్‌వే కదలాలి, కవర్లు పోవాలి, అవతల ముక్కలు వెనకాముందూ అయితే సర్దడానికి కొంచెంసేపు పోగుచేసుకోవాలి, అక్కడి సెట్టు స్విచ్ పడాలి, ఆ రిపీటర్ లేవాలి. అన్నీ కలిపి ఒక్కోసారి సెకను దాకా పడుతుంది. మీరు నొక్కీనొక్కగానే మాట్లాడితే మొదటి అక్షరాలు ఆ దారిలోనే రాలిపోతాయి. స్విచ్ నొక్కండి, ఒక నిండు ఊపిరి తీసుకోండి, అవతలివాడి కాల్‌సైన్‌తో, అంటే గాలిలో అతన్ని పిలిచే గుర్తు పేరుతో, మొదలుపెట్టండి. రాలితే అదే రాలుతుంది. "ఆపవద్దు" అనే మాట మానేసి "పని సాగించండి" అనండి.